నీళ్లు తాగితే మెట్లు దిగాలి

కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 36. ఒక పెద్ద బట్టల షాపులో, పట్టుచీరల సెక్షన్‌లో ఏడేళ్లుగా సేల్స్‌లో ఉన్నారు. జీతం 14 వేలు. ఉదయం పదింటికి ఫ్లోర్ ఎక్కితే రాత్రి తొమ్మిదికి దిగుతారు, పెళ్లిళ్ల సీజన్‌లో పదిన్నర దాటుతుంది. ఆమె సెక్షన్ మూడో అంతస్తులో ఉంది, స్టాఫ్ టాయిలెట్ సెల్లార్‌లో. లిఫ్టు కస్టమర్లకే. కిందికి వెళ్లాలంటే ఫ్లోర్ ఇన్‌ఛార్జికి చెప్పి, రిజిస్టర్‌లో టైము రాసి వెళ్లాలి. రెండేళ్ల కిందట ఒకరోజు రెండోసారి అడిగితే, ఆయన కస్టమర్ల ముందే "మళ్లీనా అమ్మా?" అన్నారట. "ఆ రోజు నుంచి నీళ్లు మానేశాను మేడమ్" అని రాశారు.

ఇప్పుడు ఆమె రోజు ఇలా గడుస్తోంది. పొద్దున ఒక టీ, ఇడ్లీ తిన్నాక అరగ్లాసు నీళ్లు. మధ్యాహ్నం భోజనంలో ఒక గ్లాసు. మళ్లీ ఇంటికి వచ్చేదాకా ఏమీ లేదు. ఏసీలో దాహమే వేయదంటున్నారు. సాయంత్రం నాలుగయ్యేసరికి కణతల దగ్గర తలనొప్పి. పరుపు మీద కూర్చుని చీరలు మడతపెట్టి లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి. రాత్రి పిక్కలు పట్టేస్తాయి. మలబద్ధకం. మూత్రం పసుపు కలిపిన నీళ్లలా చిక్కగా, ఘాటైన వాసనతో వస్తోంది. ఈ ఏడాది రెండుసార్లు మంట, జ్వరం వచ్చి యాంటీబయాటిక్స్ వాడారు. రెండోసారి డాక్టరు బీకాంప్లెక్స్ కూడా రాశారు. వారానికి ఒక్క సెలవు, మంగళవారం. ఆ రోజు మాత్రం తలనొప్పి రాదట.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. భర్త "నీకు టెన్షన్ ఎక్కువ" అంటారు. అమ్మ "ఒంట్లో వేడి చేసింది, బార్లీ తాగు" అంటుంది. తోటి ఉద్యోగిని యూట్యూబ్‌లో చూసి రోజుకు ఐదు లీటర్లు తాగమంది. ఒక రాత్రి పట్టుదలగా రెండు లీటర్లు తాగితే తెల్లవార్లూ బాత్రూమ్‌కి తిరగడమే సరిపోయిందట. అత్తగారికి గుండె జబ్బు. ఆవిడకు డాక్టరే నీళ్లు తగ్గించమన్నారు కదా, నేను తగ్గిస్తే తప్పేంటి అని ఆమె అనుమానం. చివర మూడు ప్రశ్నలు అడిగారు. నాకు రక్తం తక్కువైందా? అసలు ఎన్ని లీటర్లు తాగాలి? ఉద్యోగం మానేయాలా?

నా సమాధానం:

ముందు రక్తం సంగతి చూద్దాం. నీరసం, తల తిరగడం, తలనొప్పి రక్తహీనతలోనూ ఉంటాయి. మన దగ్గర మీ వయసు ఆడవాళ్లలో అది చాలామందికి ఉంటుంది. కాబట్టి హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ ఒకసారి చేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు. కానీ రక్తహీనతకు మంగళవారం సెలవని తెలియదు. వారంలో ఆరు రోజులు నాలుగింటికి వచ్చే తలనొప్పి, ఇంట్లో ఉండి మామూలుగా నీళ్లు తాగే ఒక్కరోజు రాకపోతే, మొదట అనుమానించాల్సింది నీళ్లనే. మీకు తెలియకుండా మీరే ప్రతి వారం ఒక పరీక్ష చేసుకుంటున్నారు, ఫలితం కూడా మీ ఉత్తరంలోనే ఉంది.

జమాఖర్చు వేసి చూద్దాం. పొద్దున్నుంచి రాత్రి దాకా మీరు తాగేది అంతా కలిపి అర లీటరు ఉండదు. ఇడ్లీ, అన్నం, చారు, కూరల్లో ఉండే నీరు కలిపితే మహా అయితే లీటరు. ఖర్చు సంగతి చూడండి. చెమట పట్టకపోయినా ఊపిరితోనూ చర్మం మీద నుంచీ రోజుకు అర లీటరు పైనే పోతుంది. మనకు అది కనిపించదు, అంతే. ఒంట్లోని వ్యర్థాలను బయటికి పంపడానికి కిడ్నీలకు కనీసం మరో అర లీటరు మూత్రం కావాలి. దీని మీద బస్సు ప్రయాణం, మూడంతస్తుల మెట్లు, మే నెల. కిడ్నీలు పాపం ఉన్న నీటినే పిండి పిండి వాడుకుంటున్నాయి. మూత్రం చిక్కబడడానికీ వాసనకీ కారణం ఇదే. పెద్దపేగు కూడా మలంలోంచి ఆఖరి చుక్కదాకా లాగేసుకుంటుంది కాబట్టి మలబద్ధకం. నీరు తగ్గితే రక్తం పరిమాణం కూడా కొంత తగ్గుతుంది. అందుకే పరుపు మీద నుంచి గబుక్కున లేచినప్పుడు తలకు చేరాల్సిన రక్తం ఒక క్షణం ఆలస్యమవుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. పిక్కలు పట్టడానికి మాత్రం రోజంతా నిలబడడం కూడా కారణమే. దాన్ని మొత్తం నీళ్ల ఖాతాలో వేయను.

మీరు రాయని కొన్నిటిని కూడా గమనించుకోండి. మాట్లాడుతుంటే నాలుక అంగిలికి అతుక్కుంటోందా? ఉమ్మి జిగురుగా ఉందా? పెదాలు పగులుతున్నాయా? చీర ధర రెండుసార్లు అడిగిన కస్టమర్ మీద సాయంత్రం పూట చిరాకు ముంచుకొస్తోందా? మీ ఆయన టెన్షన్ అంటున్నది ఈ చిరాకునే అయ్యుంటుంది. ఒంట్లో నీరు కొంచెం తగ్గినా ఏకాగ్రత, ఓపిక రెండూ తగ్గుతాయి.

రంగు గురించి ఒక జాగ్రత్త. మామూలుగా మూత్రం పల్చటి నిమ్మరసం రంగులో ఉంటే చాలు. వేరుశనగ నూనె రంగుకు వస్తే ఒక గ్లాసు తాగాలి. టీ డికాక్షన్‌లా ఉంటే ఆలస్యం చేసినట్టే. అయితే మీరు బీకాంప్లెక్స్ వాడుతున్నారు. ఆ మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలు, ఎంత నీళ్లు తాగినా మూత్రం ముదురు పసుపుగానే వస్తుంది. పొద్దున లేవగానే వచ్చేది కూడా ఎవరికైనా కొంచెం చిక్కగానే ఉంటుంది. అందుకని మీరు మధ్యాహ్నం రంగును, రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారన్న లెక్కను చూసుకోండి. ఐదారుసార్లు మామూలు. రెండుసార్లకే పరిమితమైతే తక్కువ. ఇంకో మాట: నీళ్లు బాగా తాగుతున్నా మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తూ, కళ్లు పచ్చగా కనిపిస్తే అది నీళ్ల సమస్య కాదు, కామెర్లేమో డాక్టరుకు చూపించాలి.

మీ అమ్మగారి "వేడి" గురించి చెప్పాలి. డాక్టర్లం చాలామందిమి ఆ మాట వినగానే నవ్వేస్తాం. నేనూ నవ్వినదాన్నే. కానీ ఊళ్లో వేడి చేసిందని ఎప్పుడంటారో చూడండి: మూత్రంలో మంట, కళ్ల మంట, నోరు ఎండడం, మలబద్ధకం, తలనొప్పి. దాదాపుగా ఒంట్లో నీరు తగ్గిన మనిషి వర్ణనే అది. మందుగా ఇచ్చేవి కూడా బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు, పల్చటి మజ్జిగ, తాటి ముంజలు, రాగి అంబలి, గంజి. అన్నీ నీళ్లే. ఎక్కువ మేలు చేసేది ఆ గింజల చలవ కంటే ఆ గింజల వంకతో కడుపులోకి వెళ్లే నీరు. కాబట్టి అమ్మ మాట వినండి. ఒక్క మెలిక ఏమిటంటే, మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అది ఇన్ఫెక్షన్. అక్కడ బార్లీ చాలదు.

ఇన్ఫెక్షన్ రెండుసార్లు వచ్చిందన్నారు కాబట్టి ఈ సంగతి మీకు ముఖ్యం. మూత్రనాళంలోకి చేరిన సూక్ష్మక్రిములను కడిగేసేది మూత్రమే. తక్కువ తాగి, వచ్చినదాన్ని గంటల తరబడి ఆపుకుంటే వాటికి కావలసినంత తీరిక దొరుకుతుంది. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తరచూ మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్లను తీసుకుని సగం మంది చేత రోజూ ఒకటిన్నర లీటర్లు అదనంగా తాగించారు. ఏడాది తిరిగేసరికి మిగతా సగం కంటే వాళ్లకు ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మీరు రెండుసార్లు కొన్న యాంటీబయాటిక్స్ కంటే ఇది చవక.

ఇక ఎన్ని లీటర్లు? మీ స్నేహితురాలు చెప్పిన ఐదు లీటర్లు మీకు అక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే 2 లీటర్లు చెబుతుంది. ఈ ఎనిమిది గ్లాసుల లెక్క వెనక ఒక తమాషా ఉంది. 1945లో అమెరికాలో ఆహార మండలి పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలంటూ, అందులో చాలా భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా చెప్పింది. జనం మొదటి వాక్యం గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోయారు. మన చారన్నం, మజ్జిగన్నం, సొరకాయ కూర, పుచ్చకాయ అన్నీ లెక్కలోకి వస్తాయి. టీ కూడా వస్తుంది, రెండు మూడు కప్పుల దాకా. మీ పనికి తాగే పానీయాలన్నీ కలిపి రెండు లీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది. రోహిణి కార్తెలో, బస్సులో నిలబడి వచ్చిన రోజున, ఇంకో రెండు మూడు గ్లాసులు.

ఆ రాత్రి ఒకేసారి రెండు లీటర్లు తాగడం మాత్రం మళ్లీ చేయకండి. కిడ్నీలు గంటకు సుమారు లీటరు కంటే ఎక్కువ బయటికి పంపలేవు. అంతకు మించి గబగబా పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత, ఇంకా ముదిరితే ప్రాణాపాయం. మీకు బాత్రూమ్ పరుగులతో పోయింది, సంతోషం.

అత్తగారిది వేరే కేసు. నీరసించిన గుండె నీటిని సరిగా తిప్పలేక కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నిలబెడుతుంది కాబట్టి ఆవిడ డాక్టరు కొలత పెట్టారు. ఆ కొలత ఆవిడదే. మీరు దాన్ని అరువు తెచ్చుకోవద్దు. అలాగే ఈ సమాధానం చదివి ఆవిడ చేత రెండు లీటర్లు తాగించవద్దు.

ఇంతవరకూ మీకు పెద్దగా తెలియనిది నేనేమీ చెప్పలేదేమో. నీళ్లు తాగాలని మీకు తెలుసు. మీరు నీళ్లు మరిచిపోవడం లేదు, లెక్క చూసుకుని మానేస్తున్నారు. ప్రతి గ్లాసుకూ మూడంతస్తుల మెట్లు, ఒక రిజిస్టరు, ఒక "మళ్లీనా" కనిపిస్తున్నాయి. ఈ లెక్క నాకూ తెలుసు. కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో నేను పనిచేసిన చోట లేడీ డాక్టర్లకు విడిగా బాత్రూమ్ లేదు. పేషెంట్లందరికీ నీళ్లు తాగమని చెబుతూ, పన్నెండు గంటలు నేను ఒక్క చుక్క ముట్టకుండా ఉండేదాన్ని. మూత్రంలో రాళ్ల అనుమానంతో స్కానింగ్ బల్ల మీద పడుకునేదాకా వచ్చాక గానీ నాకు సిగ్గు రాలేదు. అందుకే మీకు ఒట్టి "నీళ్లు తాగండి" అని రాసి ఊరుకోలేను. మెట్ల సంగతి కూడా తేలాలి.

మీ ముందు కొన్ని దారులున్నాయి.

అన్నిటికంటే తేలికైనది, ఎవరినీ అడగక్కర్లేనిది, నీళ్ల వేళలు మార్చుకోవడం. లేచిన గంటలోపు రెండు గ్లాసులు. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరేలోపు ఇంకొకటి. షాపుకు చేరాక పైకి ఎక్కకముందే, ఎలాగూ కిందే ఉంటారు కాబట్టి, పది నిమిషాల ముందు సెల్లార్‌లో పని ముగించుకోండి. ఫ్లోర్ మీద ఒకేసారి గ్లాసు ఎత్తకుండా అరగంటకు రెండు మూడు గుక్కలు. గటగటా తాగినది త్వరగా మూత్రమై దిగుతుంది, కొంచెం కొంచెంగా తాగినది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. భోజనంతో ఒక గ్లాసు నీళ్లు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. చిటికెడు ఉప్పు ఉన్న మజ్జిగ ఉత్త నీళ్ల కంటే ఒంటిని కాస్త ఎక్కువసేపు పట్టుకుని ఉంటుంది. బీపీ ఉంటే ఉప్పు లేకుండానే తాగండి. భోజనం బ్రేకులో మళ్లీ సెల్లార్. ఇంటికి రాగానే రెండు గ్లాసులు, పడుకునే ముందు గంటన్నర ఆపేయండి. ఇలా చేస్తే షిఫ్టు మధ్యలో ఒకటి రెండుసార్లకు మించి దిగాల్సిన పని ఉండదు. మొదటి వారం మాత్రం ఎక్కువసార్లు వస్తుంది, ఒళ్లు సర్దుకునేదాకా. మంగళవారంతో మొదలుపెట్టండి. దీనిలో లోపం ఏమిటంటే, ఆ ఒకటి రెండుసార్లు ఇంకా మిగిలే ఉంటాయి. భారమంతా మీరే సర్దుకున్నట్టవుతుంది, షాపులో ఏమీ మారదు.

రెండోది మాట్లాడడం. ఇన్‌ఛార్జి అందరి ముందు అన్న మాటకు మీరు విడిగా జవాబు చెప్పొచ్చు. "సార్, నాకు రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది, డాక్టరు నీళ్లు తాగమన్నారు, షిఫ్టులో రెండుసార్లు వెళ్లాలి, ముందే చెబుతున్నాను." ఇంతే. క్షమాపణలు, సంజాయిషీలు వద్దు. డాక్టరు దగ్గర ఆ ముక్క చీటీ మీద రాయించుకుని ఫోన్‌లో ఫొటో ఉంచుకోండి. కొంతమంది మగవాళ్లకు ఈ విషయం నిజంగా తట్టదు, చెబితే ముడుచుకుపోయి ఒప్పుకుంటారు. కొంతమంది చీటీ చూసి కూడా మూతి తిప్పుతారు. మీ ఇన్‌ఛార్జి ఎలాంటి వాడో మీకే తెలిసి ఉంటుంది. ఒంటరిగా వెళ్లడం ఇష్టం లేకపోతే, మీ ఫ్లోర్‌లో ఆడవాళ్లను కదిలించి చూడండి. మీరొక్కరే నీళ్లు మానేశారని నేను నమ్మను. నలుగురు కలిసి లిఫ్టు వాడుకోనివ్వండని, రిజిస్టర్ తీసేయమని మేనేజర్‌ను అడిగితే అది ఒకరి నస కాదు, స్టాఫ్ మాట. ఇద్దరిద్దరు ఒకరి కౌంటర్ ఒకరు చూసుకునే ఒప్పందం మీలో మీరే పెట్టుకున్నా సగం పని అవుతుంది.

మూడోది చట్టం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటి, పది మందీ అంతకు మించీ పనిచేసే చోట తాగునీరు, ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు యజమాని బాధ్యత అంటోంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కే చట్టంలో రాశాయి. కేరళలో దాని కోసం గొంతెత్తింది మీలాంటి బట్టల షాపుల అమ్మాయిలే. మీరు కార్మిక శాఖ అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ ఒక మాట దాచను. మీ షాపులో టాయిలెట్ ఉంది, వెళ్లనివ్వకపోవడమే సమస్య, దాన్ని కాగితం మీద నిరూపించడం కష్టం. పేరు లేకుండా ఇచ్చినా ఎవరిచ్చారో పసిగట్టేస్తారు. 14 వేల జీతం మీద ఇల్లు నడుస్తుంటే ఇది మొదటి మెట్టుగా వాడమని నేను చెప్పను. రెండో దారి మూసుకుపోయాక, తోడు ఉన్నప్పుడు అయితే సరే.

ఇక మానేయడం. నీళ్ల కోసం ఉద్యోగం మానేయడమేంటని ఇంట్లో నవ్వుతారని రాశారు. అందులో నవ్వడానికేమీ లేదు. మూడో ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకితే ఆసుపత్రి బిల్లు మీ నెల జీతాన్ని దాటుతుంది. అయినా ఇవాళే మానేయకండి. నాలుగు వారాలు వేళలు మార్చి చూడండి, ఒకసారి మాట్లాడండి, ఈలోగా వేరే షాపుల్లో స్టాఫ్ టాయిలెట్ ఏ ఫ్లోర్‌లో ఉందో కనుక్కోండి. జీతం అడిగినట్టే అదీ అడగొచ్చు.

మీ స్నేహితురాలు రోజూ తెచ్చుకుంటున్న ఓఆర్‌ఎస్ డబ్బా గురించి కూడా రాశారు. నాలుగు గంటల తలనొప్పికి ఓఆర్‌ఎస్ అక్కర్లేదు. అది విరేచనాలు, వాంతులు, ఎండలో విపరీతంగా చెమట పోసినప్పటి మందు. అప్పుడు కూడా మందుల షాపులో ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపమని రాసి ఉండే పొడి ప్యాకెట్టే కొనండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలగొట్టి. పళ్ల రసాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మిన తీపి నీళ్లు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి వాటి మీద పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డబ్బాల మీద ఆ పేరే వాడకూడదంది. డబ్బా తిప్పి పంచదార ఎంతుందో చదవమని మీ స్నేహితురాలికి చెప్పండి.

ఇవి కనిపిస్తే మాత్రం ఏ దారీ ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి: ఎనిమిది గంటలు దాటినా మూత్రం రాకపోవడం, మూత్రంలో రక్తం, చలితో జ్వరం, నిలబడితే పడిపోవడం. ఎండలో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, నీళ్లు పట్టించే ప్రయత్నం మాని ఒంటిని తడుపుతూ 108కి ఫోన్ చేయండి. మళ్లీ మూత్రంలో మంట వస్తే పోయినసారి మిగిలిన మాత్రలు వేసుకోకండి. ముందు ఏ క్రిమో తేల్చే యూరిన్ కల్చర్ పరీక్షకు ఇచ్చి, తర్వాతే మందు.

మీ ఉత్తరం ఆఖరి పేజీలో, అడ్డగీత కింద ఇంకో వాక్యం ఉంది. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి రోజూ వాటర్ బాటిల్ నిండుగా వెనక్కి తెస్తోందని, ఎంత తిట్టినా మారడం లేదని. ఆ పిల్లను ఇంక తిట్టకండి. మీ స్కూల్లో బాత్రూమ్ ఎలా ఉంటుందమ్మా అని అడగండి.